బరువెంత అని అడిగాడట

పన్నెండు దాటింది. పిండి రుబ్బి పెట్టాను, గిన్నెలు తోమాను, రేపటి బట్టలు కూడా మడత పెట్టాను, అయినా ఆ ఫోటో కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

తమ్ముడు మరదలిని విమానం ఎక్కించాడు. టికెట్ కొని ఎక్కే విమానం కాదు, వీడే నడిపే నాలుగు సీట్ల సెస్నా. డల్లాస్‌లో గంట లెక్కన కిరాయికి ఇస్తారట, మన దగ్గర ట్రాక్టర్ ఇచ్చినట్టు. పిల్ల కడుపుతో ఉంది, ఆరో నెల. దిగాక తీసుకున్న ఫోటో రాత్రి ఏడున్నరకు గ్రూపులో పెట్టాడు, కింద రెండు నవ్వు బొమ్మలు.

ముందు చెప్పలేదు, అదీ నా మంట. నాకు చెప్పలేదు కానీ అమ్మకు చెప్పాడు! నన్ను కడుపుతో ఉన్నప్పుడు ఏరు దాటనివ్వలేదు, గ్రహణం పూట గది దాటనివ్వలేదు, ఆ అమ్మే "పోయిరాండ్రి బిడ్డా" అందట. చూలాలి మొగుడు కొబ్బరికాయ కొట్టొద్దంటుంది కదా, విమానం నడపొద్దని పెద్దలెవరూ చెప్పి ఉండరు, అందుకే సరే అనుకుందేమో. ఆమెకు అభ్యంతరం ఒక్కటే. చిన్న విమానం కదా, ఎక్కేవాళ్ల బరువు లెక్క చూసుకోవాలని, ఎక్కే ముందు వీడు పిల్లను బరువెంత అని అడిగాడట. "కడుపుతోటున్న పిల్ల బరువు పైకి చెప్తరా, దిష్టి తగలదా?"

ఫోన్ చేసి అరిచాను. మాకు చిన్న విమానం అంటే 2022 ఫిబ్రవరే గుర్తొస్తుంది. సాగర్ నుంచి లేచిన ట్రైనింగ్ విమానం పెద్దవూర దగ్గర పొలాల్లో పడి, నడుపుతున్న అమ్మాయి చనిపోయింది. ఆ వారం ఆకాశంలో చప్పుడైతే చాలు, తల ఎత్తి చూసేదాన్ని. అదే చెప్పాను వాడికి.

"నువ్వు గిట్ల ఆగమైతవనే చెప్పలే అక్కా" అన్నాడు. ఇక మొదలుపెట్టాడు. డాక్టరమ్మను ముందే అడిగారట. పొద్దున ఏడింటికే గాల్లోకి లేచారట, ఎండెక్కితే గాలి కుదుపుతుందని. ముందు సీట్లో కూర్చుంటే ఎదురుగా ఉండే హ్యాండిల్ వెనక్కి వచ్చినప్పుడు పొట్టకు తగులుతుందని వెనక కూర్చోబెట్టాడట, బెల్టు పొట్ట కిందికి. హీటర్ వేయలేదట, ఆ వేడి ఇంజిన్ పొగ గొట్టం చుట్టూ తిరిగి వస్తుంది, ఎక్కడన్నా పగులుంటే విషవాయువు లోపలికొస్తుంది, అది తల్లి కన్నా కడుపులో బిడ్డకే ఎక్కువ చేటు. ఆ వాయువు తగిలితే రంగు మారే చుక్క ఉన్న కార్డు ఒకటి ముందు అంటించి ఉందట. ఎగిరింది 2500 అడుగులే. పెద్ద విమానంలో 35,000 అడుగుల పైన పోతున్నా లోపల గాలి 6000 నుంచి 8000 అడుగుల కొండ మీద ఉన్నట్టే ఉంటుందట, ఆ లెక్కన ఇదే నయం అంటాడు. వాడు కరెక్టుగా మాట్లాడుతుంటే ఇంకా ఒళ్లు మండింది. పైన బాత్రూమ్ ఉండదు కదరా అన్నాను. "అందుకే ముప్పై నిమిషాల్లో దించిన" అన్నాడు. దానికీ జవాబుంది!

ఫోన్ పెట్టేశాక బస్సు గుర్తొచ్చింది.

2004, నాకు ఏడో నెల. దేవరకొండ నుంచి నల్గొండకు పల్లెవెలుగు, వెనక చక్రం మీది సీటు. సీతాఫలాల రోజులు, కాళ్ల కింద ఎవరిదో గంప, కాలు చాపే దిక్కు లేదు. కొండమల్లేపల్లి దాటాక రోడ్డు రోడ్డులా లేదు. కండక్టర్ "జర జరుగమ్మా" అని ఇంకొకరిని కూర్చోబెట్టాడు. డాక్టర్ని అడిగి ఎక్కించింది ఎవరు, బెల్టు ఎక్కడిది? ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాను, దిగేసరికి అరచేతులకు తుప్పు వాసన. తోడుగా పంపింది వీడినే, ఎనిమిదో తరగతి. స్కూలు బ్యాగులో పుస్తకాలు తీసి ఒళ్లో పెట్టుకుని, ఖాళీ బ్యాగు మడిచి నా నడుము వెనక పెట్టాడు. గుంత వచ్చే ముందు "అక్కా, వస్తుంది" అని చెప్పేవాడు, వచ్చాక లెక్కపెట్టేవాడు. గడియారం సెంటర్ దగ్గరికొచ్చేసరికి నూట పద్నాలుగు.

అంటే నాకొచ్చింది కోపమా, కుళ్లా? పిల్లకు వెనక సీటు, చుక్క కార్డు, మెత్తటి గాలి. నాకు గంప. లేదు, కోపమే, చెప్పకపోవడం తప్పే, అది తప్పు కాదని ఎవరన్నా అంటే ఒప్పుకోను.

ఇందాక మరదలు మెసేజ్ పెట్టింది. "వదినా, నాకేం కాలే, దిగినంక ఆయన చేతులే వణికినయ్. మీకు చెప్పానని అనకండి." రెండుసార్లు చదివాను. అననులే.

మళ్లీ వాడే ఫోన్ చేశాడు, ఈయన ఎత్తారు. జనవరిలో మీరొస్తారు కదా బావా, తిప్పుతాను, మీ ఇద్దరి బరువులు చెప్పమన్నాడు. ఈయన తనది డెబ్బై రెండు అని చెప్పి, నన్ను అడగకుండానే నాదీ చెప్పేశారు. నాలుగు కిలోలు ఎక్కువేసి.