1930 మోడల్ ఏ సెడాన్ హాట్ రాడ్: పైకప్పు దిగింది, బ్రేకులు వచ్చాయి, ఇంజన్ కూర్చుంది

ఈ విడతలో మూడు పెద్ద పనులు తెమిలాయి. పైకప్పు మూడు అంగుళాలు దిగింది. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజన్ (వాల్వులు హెడ్‌లో కాకుండా బ్లాకులోనే ఉండే, వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్ల పాతకాలపు ఇంజన్) చాసిస్‌లో కూర్చుంది. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క ముక్క: హాట్ రాడ్ అంటే పాత కారుకి బలమైన ఇంజన్ ఎక్కించి వేగంగా మార్చుకున్న బండి. నాది 1930 ఫోర్డ్ మోడల్ ఏ ట్యూడర్ సెడాన్, అంటే రెండు తలుపుల, పైకప్పున్న కారు. పనంతా ఒహాయోలో మా ఇంటి గ్యారేజీలోనే. చూడటానికి 1950 ప్రాంతంలో కాలిఫోర్నియా కుర్రాడెవరో కట్టుకున్న బండిలా ఉండాలి, కానీ భార్యాపిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద ధైర్యంగా వెళ్లాలి. అందుకే మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నాను. కంటికి కనిపించేదంతా పాతకాలం పద్ధతిలోనే. ఆపడం, తిప్పడం, పెట్రోలు మాత్రం ఈ కాలం లెక్కలో.

సెడాన్ ఎందుకు, రోడ్‌స్టర్ కొనొచ్చు కదా అని చాలామంది అడిగారు. హాట్ రాడ్లు పుట్టింది దక్షిణ కాలిఫోర్నియాలో, మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సుల మీద. అక్కడ పందేలకు దిగే కుర్రాళ్లు మడ్‌గార్డులు, బంపర్లు పీకేసి బరువు తగ్గించుకునేవాళ్లు. పైకప్పు లేని రోడ్‌స్టర్ అసలే తేలిక కాబట్టి దానికే గిరాకీ. 1937లో అక్కడి క్లబ్బులు కలిసి ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) పెట్టుకునేనాటికి ఈ పిచ్చి బాగా ముదిరింది. 1932లో ఫోర్డ్ 65 హార్స్‌పవర్ వీ8 తేవడంతో, 40 హార్స్‌పవర్ నాలుగు సిలిండర్ల మోడల్ ఏలో ఆ వీ8ని ఎక్కించడం మామూలైపోయింది. నాకు పందేలు అక్కర్లేదు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు కూర్చోవాలి, వాన పడితే తడవకూడదు. పైగా ఆ నిటారు పెట్టె ఆకారమంటే నాకు చెప్పలేనంత ఇష్టం. మోడల్ ఏలు 48 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాలకు కూడా లోటు లేదు.

ముందు పెట్రోలు ట్యాంకు సంగతి. మోడల్ ఏలో ట్యాంకు ఉండేది డ్యాష్‌బోర్డు వెనకాల, సరిగ్గా మోకాళ్ల పైన. పంపు అవసరం లేకుండా పెట్రోలు తన బరువుతోనే కార్బ్యురేటర్‌కి దిగుతుంది. అప్పటికి తెలివైన ఏర్పాటే గానీ, పిల్లల్ని కూర్చోబెట్టే బండిలో దాన్ని ఉంచడానికి నా మనసొప్పలేదు. చిక్కేమిటంటే, ఆ ట్యాంకు పైరేకే బండి పైకి కనిపించే బాడీ రేకు. మొత్తం తీసేస్తే విండ్‌షీల్డ్ ముందు గొయ్యి మిగులుతుంది. అందుకని పైరేకు ఉంచి, కింది సగం మాత్రమే కోసి తీసేశాను. ఎన్నేళ్లుగా ఖాళీగా ఉన్నా పాత ట్యాంకులో ఆవిరి ఉంటుంది, నిప్పురవ్వ చాలు. ట్యాంకులు బాగుచేసే షాపులో స్టీమ్‌తో కడిగించాక కూడా గ్రైండర్ పెట్టలేదు, గాలితో నడిచే కత్తెరతోనే కోశాను. కొత్త ట్యాంకు వెనక సీటు వెనకాల, చాసిస్ పట్టాల మధ్య వచ్చింది.

ఇక పైకప్పు. మోడల్ ఏ స్తంభాలు దాదాపు నిట్టనిలువుగా ఉంటాయి. అందుకే కప్పు దించడం నేర్చుకోవడానికి దీనికంటే మంచి బండి లేదు. 1930ల చివరి కార్లలో స్తంభాలు లోపలికి వాలి ఉంటాయి. వాటిని కోసి దించితే పైభాగం, కిందిభాగం ఒకదానికొకటి అందవు, కప్పును పొడుగ్గా సాగదీయాల్సి వస్తుంది. ఇక్కడ ఆ బాధ వెనకవైపు కాస్త మాత్రమే. ఇంకో సుఖం, కప్పు నడుమ రేకు లేదు. చెక్క దూలాల మీద పరిచిన గుడ్డ కప్పు అది. ఆ చెక్క ఎలాగూ పుచ్చిపోయింది కాబట్టి దాని బదులు చదరపు స్టీలు ట్యూబుతో దూలాలు కట్టాను.

మా మామయ్య విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టినవాడు. వీడియో కాల్‌లో బండి చూడగానే ఆయన అన్న మొదటి మాట: "ఒరేయ్, ముందు లోపల ఆసరా కట్టు, ఆ తర్వాతే కోత." తలుపులు మూసి ఉంచి, స్తంభం నుంచి స్తంభానికి అడ్డంగా, ఐమూలగా ఒక అంగుళం ట్యూబు వెల్డ్ చేశాను. అది లేకుండా కోస్తే బాడీ విచ్చుకుంటుంది, తర్వాత తలుపులు జన్మలో పడవు. రసమట్టం పెట్టి చాసిస్ మట్టం చూసుకుని, దారానికి గుండు కట్టి ప్రతి స్తంభం దగ్గరా వేలాడదీసి కొలతలు రాసుకున్నాను. ప్రతి స్తంభంలో బాగా తిన్నగా ఉన్న చోట టేపు అంటించి, మూడు అంగుళాల ఎడంలో రెండు గీతలు. తలుపు మీద కోత, దాని పక్క స్తంభం మీద కోత ఒకే ఎత్తులో రాకుండా చూసుకోవాలి. అలా చేస్తే అతుకుల బలహీనతంతా ఒకే వరుసలో పడదు.

వెల్డింగ్‌కి 0.6 మిల్లీమీటర్ల మిగ్ వైరు, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాసు. ఒక చుక్క పెట్టడం, అక్కణ్నుంచి దూరంగా ఇంకో స్తంభానికి వెళ్లడం. తిరిగొచ్చి అరచెయ్యి ఆనిస్తే రేకు గోరువెచ్చగా ఉండాలి, చురుక్కుమంటే ఆగాలి. తొందరపడి ఒకే వరుసలో లాగించేస్తే రేకు అప్పడంలా అలలు తిరుగుతుంది, ఆ తర్వాత ఎంత లప్పం పెట్టినా ఎండలో దొరికిపోతుంది. చుక్కల మధ్య ఖాళీలు నిండాక సుత్తి, డాలీతో (రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ) అతుకును కొద్దిగా సాగదీస్తే ముడుచుకున్న రేకు మళ్లీ చదునవుతుంది. తలుపు సందులు చుట్టూ 5 మిల్లీమీటర్లకు వచ్చాయి. అద్దాలన్నీ చదునువే కాబట్టి అట్టముక్కలతో నమూనాలు కోసి గ్లాస్ షాపులో ఇచ్చాను. అన్నీ లామినేటెడ్ సేఫ్టీ గ్లాసే.

మూడు అంగుళాలే ఎందుకంటే, నేను ఆరడుగుల మనిషిని. సీటు పట్టాలు పూర్తిగా కిందికి దించి కూర్చున్నా ట్రాఫిక్ లైటు కనిపించాలి. నాలుగు, ఐదు అంగుళాలు దించిన బండ్లు ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి గానీ, నడిపేవాడు మెడ వంచుకునే నడపాలి.

బ్రేకుల మీద పెట్టినంత శ్రద్ధ నేను దేనిమీదా పెట్టలేదు. మోడల్ ఏలో ఉన్నవి కడ్డీలతో లాగే మెకానికల్ బ్రేకులు. ఫోర్డ్ హైడ్రాలిక్‌కి మారింది 1939 మోడళ్లతో. పాతకాలపు హాట్ రాడ్ కుర్రాళ్లు చేసినట్టే ముందు చక్రాలకు 1940 ఫోర్డ్ డ్రమ్ములు వేశాను, 12 అంగుళాలవి. చూపుకి అచ్చం ఆ కాలానివే. మాస్టర్ సిలిండర్ మాత్రం రెండు విడి గదులున్నది. ఒక లైను తెగినా రెండోది పట్టుకుంటుంది. అది ఫ్లోర్ కింద, చక్రాల సిలిండర్ల కంటే దిగువన ఉంది కాబట్టి ఆయిల్ వెనక్కి జారిపోకుండా ముందు, వెనక లైన్లకు ఒక్కొక్కటి 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) రెసిడ్యువల్ వాల్వు పెట్టాను. డ్రమ్ములకు 10, డిస్కులకు 2, ఈ లెక్క తారుమారు చేయొద్దు. పెడల్ నిష్పత్తి 6:1. పైపులు 3/16 అంగుళం కాపర్-నికెల్‌వి, కొసలు డబుల్ ఫ్లేర్, అంటే రెండు మడతలుగా విప్పార్చినవి. ఉత్త రాగి గొట్టం బ్రేకులకు పనికిరాదు, ఎవరు చెప్పినా వాడకండి.

ముందు యాక్సిల్ నాలుగు అంగుళాల డ్రాప్ ఉన్నది, అంటే బండి ముందు భాగం అంత కిందికి దిగేలా వంచినది. స్టీరింగ్‌కి ఫోర్డ్ ఎఫ్-1 పికప్ బాక్సు వేశాను. క్యాస్టర్ (చక్రాన్ని తిప్పే ఇరుసు వెనక్కి వాలిన కోణం) ఆరున్నర డిగ్రీలు, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండటం) 1/8 అంగుళం.

ఇంజన్ 8బీఏ, ఫోర్డ్ కార్లలో 1949 నుంచి 1953 వరకు వచ్చిన 239 క్యూబిక్ అంగుళాల ఫ్లాట్‌హెడ్. మొదట కొన్న బ్లాకు "బాగానే నడుస్తుండగా తీశాం" అని చెప్పి అమ్మారు. మెషీన్ షాపులో మ్యాగ్నఫ్లక్స్ (అయస్కాంతంతో పగుళ్లు పట్టే పరీక్ష) చేస్తే వాల్వ్ సీటు నుంచి సిలిండర్ దాకా పగులు కనిపించింది. రెండో బ్లాకుకి ముందు పరీక్ష, ఆ తర్వాతే డబ్బు. ఫ్లాట్‌హెడ్ కొనేవాళ్లు ఈ వరుస తప్పొద్దు. ఈ ఇంజన్‌కి వేడి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎగ్జాస్ట్ దారులు బ్లాకు లోపలినుంచే బయటికి వస్తాయి, ఒక్కో పక్క నడుమనున్న రెండు సిలిండర్లకు ఒకటే దారి. ఆ వేడంతా నీళ్లలోకే దిగుతుంది. పోత పోసిన నాటి ఇసుక, తుప్పు కూడా నీటి దారుల్లో గడ్డకట్టి ఉంటాయి. వంచిన తీగతో గోకుతుంటే పిడికెళ్ల కొద్దీ నల్లటి ఇసుక రాలింది, మధ్యలో సన్నటి ఇనప తీగ ముక్కలు. అవి ఫ్యాక్టరీలో అచ్చుకి కట్టిన తీగలు. డెబ్బై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాయని చూపిస్తే పిల్లలు నమ్మలేదు. చాలామంది రేడియేటర్ని తిడతారు గానీ, ముందు ఈ ఇసుక తీయాలి.

ఒక్కో హెడ్‌కి 24 బోల్టులు. మధ్యనుంచి బయటికి, విడతలు విడతలుగా 65 పౌండ్-అడుగుల వరకు బిగించాను. ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూడాలి. పైన రెండు స్ట్రాంబర్గ్ 97 కార్బ్యురేటర్లు. వీటికి రెండున్నర పీఎస్‌ఐ దాటితే పెట్రోలు పొంగుతుంది, రెగ్యులేటర్ తప్పనిసరి. గేర్‌బాక్సు షెవ్రొలే ఎస్-10 పికప్‌లో వచ్చిన అయిదు గేర్ల టీ5. గేరు కర్ర ముందుకు వస్తుంది కాబట్టి ముందు సీటుకి అడ్డం రాదు. వెనక ఫోర్డ్ మావరిక్ కారు 8 అంగుళాల యాక్సిల్, 3.55 నిష్పత్తి. దాని బోల్టు వలయం 4.5 అంగుళాలు, ఫోర్డ్ పాత చక్రాలది 5.5. అందుకని షాఫ్టులు కొత్తవి చేయించాను. అయిదో గేరులో గంటకు 65 మైళ్ల దగ్గర ఇంజన్ నిమిషానికి 1,900 చుట్ల దగ్గర తిరగాలి, ఫ్లాట్‌హెడ్‌కి అది హాయైన చోటు.

చాసిస్ పట్టాలకు లోపలివైపు 1/8 అంగుళం ప్లేటు మూసి బలం చేశాను. మోడల్ ఏ నంబరు ఎడమ పట్టా పైముఖం మీద, బాడీ కింద దాగి ఉంటుంది. ఇంజన్ మార్చిన బండికి ఆ నంబరే ఆధారం కాబట్టి, తుప్పు దులిపేటప్పుడు అక్కడ గ్రైండర్ ఆనించకుండా చేత్తోనే వైరు బ్రష్ కొట్టి, ఫొటో తీసి, టైటిల్ (యాజమాన్య పత్రం) కాగితంతో సరిపోల్చుకున్నాను.

తర్వాత వైరింగ్. 6 వోల్టుల నుంచి 12కి మారుస్తున్నాను, పాత స్టార్టర్ మోటార్ మాత్రం అలాగే ఉంచుతాను, 12 మీద ఇంకా చురుగ్గా తిరుగుతుంది. ఎగ్జాస్ట్ పైపులు, స్టీరింగ్ షాఫ్టు ఒకదానికొకటి తగలకుండా దారి చూసుకున్నాక బాడీ మళ్లీ ఎత్తి, అంతా విప్పి పెయింటుకి పంపాలి. అన్నీ ఒకసారి బిగించి నడిపి చూడనిదే పెయింటు జోలికి వెళ్లను.