పన్ను పెంచమని తలుపు తట్టిన రోజులు

మా ఇంటి ముందు కాలిబాట లేదు. తారు రోడ్డు అంచు, దాన్ని ఆనుకుని వాన నీళ్ళు పారే కాలవ, కాలవ దాటితే మా గడ్డి. ఉత్తర సియాటిల్‌లోని మా పైన్‌హర్స్ట్‌లో చాలా వీధులు ఇలాగే ఉంటాయి. 85వ వీధికి ఉత్తరాన ఉన్న ఈ భాగం చాలావరకు 1950ల్లో గానీ నగరంలో కలవలేదు. అప్పటిదాకా కౌంటీ కింద ఉండేది. కాలిబాటలు వెయ్యకుండానే ఇళ్ళు కట్టేశారు, ఆ లోటు డెబ్భై ఏళ్ళయినా తీరలేదు. నగరం మొత్తం మీద చూసినా నాలుగో వంతుకు పైగా వీధులకు కాలిబాట లేదు.

2023 చివర్లో అమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉంది. అమ్మకి సాయంత్రం నడక లేకపోతే అన్నం సహించదు. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే చీకటి. ఒకరోజు నేను ఆఫీసు కాల్‌లో ఉండగా బయటికి వెళ్ళింది. ఎదురుగా కారు వస్తే పక్కకి జరిగింది, జరగడానికి కాలవ తప్ప ఇంకేం లేదు. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, ఒంటి కాలి చెప్పుతో గుమ్మంలో నిలబడి, "కారు అద్దం నా కొంగుకి తగిలినంత పనయిందే" అంది. మర్నాటి నుంచి అమ్మ బయటికి వెళ్ళలేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి, వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ వంద రౌండ్లు. ఆ లెక్క వింటూ ఆ చలికాలమంతా నేను పని చేసుకున్నాను.

2015లో ఓటర్లు ఆమోదించిన రవాణా లెవీ 2024తో అయిపోతుందని, దాని స్థానంలో కొత్తది పెట్టబోతున్నారని ఆ వసంతంలోనే తెలిసింది. నాకు పౌరసత్వం వచ్చి అప్పటికి రెండేళ్ళు. లెవీ అంటే ఏమిటో అప్పటిదాకా సరిగ్గా తెలీదు. తెలుసుకోవడానికి నాలుగు రాత్రులు కూర్చున్నాను.

వాషింగ్టన్ రాష్ట్రంలో అప్పటికి వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. నగరం తనంతట తాను ఇంటి పన్ను రాబడిని ఏడాదికి ఒక శాతం కంటే పెంచుకోకూడదు, కొత్తగా కట్టిన ఇళ్ళ మీద వచ్చేది తప్ప. అంతకు మించి కావాలంటే ఓటర్లని అడగాలి, అలా అడిగి కొన్నేళ్ళపాటు వేసే అదనపు ఇంటి పన్నే లెవీ. ఎంత కావాలి, ఎన్నేళ్ళకి, దేనికి అని రాసిచ్చి అడగాలి. సగానికి ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. సియాటిల్ 2006లో 36.5 కోట్ల డాలర్లు అడిగింది, 2015లో 93 కోట్లు. రెండుసార్లూ తొమ్మిదేళ్ళకి, రెండుసార్లూ జనం ఒప్పుకున్నారు. ఈసారి ఎనిమిదేళ్ళకి.

చాలామందికి అర్థం కాని సంగతి ఇంకోటుంది. ఇక్కడ ముందు మొత్తం నిర్ణయమవుతుంది, ఆ తర్వాత ఇళ్ళ విలువని బట్టి అది అందరికీ పంపకమవుతుంది. ఊళ్ళో ఇళ్ళన్నిటి ధరా రెట్టింపయినా నగరానికి రెట్టింపు డబ్బు రాదు.

అప్పటికి గుంటూరు తిరిగి వెళ్ళిపోయిన అమ్మకి ఇదంతా ఫోన్లో చెబితే, "అయితే పన్ను వెయ్యమంటారా అని మిమ్మల్నే అడుగుతారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆశ్చర్యంలో అర్థం ఉంది. ఆంధ్రలో 2021లో ఇంటి పన్నుని అద్దె విలువ లెక్కలోంచి ఆస్తి విలువ లెక్కలోకి మార్చారు. అప్పుడు మా నాన్నని ఓటెయ్యమని ఎవరూ పిలవలేదు. నోటీసు వచ్చింది, కట్టారు. మా వీధి చివర కల్వర్టు పగిలే ఉంది. ఆ పన్నులో ఎంత ఏ రోడ్డుకి పోతుందో నాన్నకి ఎప్పుడూ తెలీదు. అందుకే ఇక్కడ అడుగుతున్నారంటే నాకు అది చాలా పెద్ద విషయంగా అనిపించింది.

మేయర్ ప్రతిపాదన మేలో 145 కోట్ల డాలర్ల దగ్గర ఉంది. కాలిబాటలకి ఇంకా కావాలని చాలామంది కౌన్సిల్‌ని అడుగుతున్నారు. నేనూ బహిరంగ విచారణకి వెళ్ళాను. రెండు నిమిషాలకి సరిపడా రాసుకున్నాను. మాట్లాడేవాళ్ళు ఎక్కువయ్యారని ఒక్క నిమిషమే ఇచ్చారు. నా ముందు చక్రాల కుర్చీలో ఒకావిడ, బస్ స్టాప్‌కి వెళ్ళాలంటే కార్ల మధ్య రోడ్డు మీదే వెళ్ళాల్సి వస్తోందని చెప్పారు. కాగితంలో అంకెలన్నీ కొట్టేశాను. అమ్మ చెప్పు ఒక్కటే మిగిలింది. అదే చెప్పాను. జులైలో కౌన్సిల్ దాన్ని 155 కోట్లకి పెంచి, నవంబరు బ్యాలెట్ మీదకి పంపింది. అందులో పాదచారుల భద్రతకి 19 కోట్ల పైచిలుకు, సైకిళ్ళకి 11 కోట్ల పైచిలుకు. మిగతాది వంతెనలు, రోడ్ల మరమ్మతు, బస్సుల దారులు, సిగ్నళ్ళు వగైరా.

సెప్టెంబరు నుంచి శనివారాలు ఇంటింటికీ తిరిగాను. ఫోన్లో ఓటర్ల జాబితా, చేతిలో కరపత్రాలు, మెడలో పేరు రాసిన అట్టముక్క.

మొదటి వారం ఒక తప్పు చేశాను. ఎనిమిది లక్షల డాలర్ల ఇంటికి నెలకి ఇరవై డాలర్ల చిల్లర పెరుగుతుందని ఒకాయనకి చెప్పాను. ఆయన నన్ను గుమ్మంలోనే నిలబెట్టి కాగితం మీద లెక్క వేయించారు. ఇంటి విలువలో ప్రతి 1000 డాలర్లకి ఏడాదికి సుమారు 65 సెంట్లు. ఎనిమిది లక్షలకి 520 డాలర్లు, అంటే నెలకి 43. అందులో సుమారు సగం పాత లెవీ కింద ఎలాగూ కడుతున్నది, ఆ పాతది అయిపోతోంది. నేను చెప్పింది పెరుగుదల మాత్రమే. "పెరిగేది చెప్పి మొత్తం దాచకండి. ఈ సాయంత్రం నేనే లెక్క వేసుకుంటే మిమ్మల్ని ఇంక నమ్మను" అన్నారు. దాచాలని చెప్పలేదు, కానీ ఆయన మాట నిజం. తర్వాతి తలుపు నుంచి మొత్తం ముందు చెప్పాను, తర్వాత పాతది, ఆ తర్వాతే తేడా. అలా చెప్పినప్పుడు కొందరు వెంటనే తలుపు వేసేశారు. కానీ నిలబడి విన్నవాళ్ళు చివరిదాకా విన్నారు.

పెన్షన్ మీద బతికే ఒక పెద్దావిడ, 2023లో అందుబాటు ధర ఇళ్ళ కోసం లెవీ 97 కోట్లు, ఇప్పుడు ఇది, స్కూళ్ళవి వేరే, ఇలా ఎన్నని కట్టను అని అడిగారు. ఆ అడగడంలో కోపం లేదు, అలసట ఉంది. 61 ఏళ్ళు నిండి ఆదాయం పరిమితిలోపు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉందని, ఈ లెవీకి కూడా అది వర్తిస్తుందని చెప్పాను. ఆవిడకి ఆ సంగతే తెలీదు. ఓటు గురించి ఇంకేం మాట్లాడకుండా, కౌంటీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు ఎక్కడుందో ఆవిడ ఫోన్లోనే తెరిచి చూపించి వచ్చాను. ఆవిడ ఓటు ఎటు వేశారో నాకు తెలీదు.

"సైకిళ్ళకి నా డబ్బా?" అన్న ప్రశ్న వీధికి రెండుసార్లయినా వచ్చేది. మొత్తంలో అది పదో వంతు కూడా లేదని చెప్పేదాన్ని. అక్కడితో ఆపకుండా, మావాడు పదమూడేళ్ళవాడు, స్కూలుకి సైకిల్ మీదే వెళ్తాడు, వాడికీ లారీకీ మధ్య ఒక తెల్ల గీత తప్ప ఇంకేం లేదు అని కూడా చెప్పేదాన్ని. ఆ వాటా చిన్నదని సర్దిచెప్పి వదిలేస్తే, అది ఉండకూడదని నేనూ ఒప్పుకున్నట్టవుతుంది.

కాంక్రీటు పలకలకి ఇంత ఖర్చేమిటని అడిగినవాళ్ళకి వాళ్ళ ఇంటి ముందు కాలవే చూపించాను. ఆ కాలవ పూడ్చి పలక వేస్తే వాన నీళ్ళు ఇళ్ళల్లోకి వస్తాయి. ముందు గొట్టాలు వెయ్యాలి, నీళ్ళు ఇంకే ఏర్పాటు చెయ్యాలి. మా వైపు డబ్బంతా పోయేది ఆ నీళ్ళ దగ్గరే.

బిటర్ లేక్ వైపు ఒక అపార్ట్‌మెంట్ పక్కనున్న ఇంటి గుమ్మానికి మామిడాకుల తోరణం కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. మావైపు తెలుగువాళ్ళు తక్కువ. ఎక్కువమంది లేక్ వాషింగ్టన్ సరస్సు అవతల రెడ్మండ్, సమామిష్, ఉత్తరాన బాతెల్ లాంటి వేరే ఊళ్ళలో ఉంటారు, ఈ ఓటు వాళ్ళకి రాదు. తలుపు తీసిన అబ్బాయిది వరంగల్. లోపలికి పిలిచి చాయ్ పెట్టాడు. అంతా విని, "అక్కా, ఇల్లు నాదే, పన్ను కట్టేది నేనే. హెచ్‌1బీ మీద ఉన్న, ఓటు లేదు. మరి నన్నెవరు అడుగుతరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్ళు నేనూ అలాగే కట్టాను. నా చేతిలో ఉన్న జాబితాలో అతని పేరు లేదు, ఆ జాబితా ప్రకారం ఆ ఇంటిని దాటుకుని వెళ్ళిపోవాలి. కానీ ఆ అబ్బాయి ఊరుకోలేదు. పక్క రెండిళ్ళవాళ్ళకి నన్ను తనే తీసుకెళ్ళి పరిచయం చేశాడు. వాళ్ళకి ఓటు ఉంది. అరోరా అవెన్యూ దాటి పిల్లని స్కూలుకి తీసుకెళ్ళడం ఎంత భయమో వాళ్ళకి అతనే చెప్పాడు, నాకంటే బాగా.

అన్నిటికంటే కష్టమైన తలుపు మా ఇంటికి మూడు వీధుల దూరంలోనే ఉంది. రిటైరైన ఒక పెద్దాయన. నేను రెండు వాక్యాలు చెప్పగానే లోపలికెళ్ళి ఫైలు తెచ్చారు. 2015 లెవీ కరపత్రం, దాచిపెట్టుకున్నారు. "సుమారు 50 మైళ్ళ రక్షిత సైకిల్ దారులు" అన్న చోట ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి ఉంది. "ఇవి ఎక్కడున్నాయి?" అన్నారు. నేను కనుక్కుని వస్తానన్నాను. అలా అన్నవాళ్ళెవరూ తిరిగి రాలేదన్నారు.

ఆ వారం కూర్చుని చదివాను. 2018లో నగరమే ఒప్పుకుంది: ఖర్చు అంచనాలు తక్కువ వేశామని, ఇచ్చిన మాటలన్నీ ఆ డబ్బుతో నిలబెట్టుకోలేమని. తర్వాత పనుల జాబితాని తిరగరాశారు. సైకిల్ దారులే బాగా కోతపడ్డాయి. ఇది మా వైపు మాట్లాడేవాళ్ళు కప్పిపుచ్చాల్సిన విషయమని నేను అనుకోను. ఓటరు ఒకసారి డబ్బిచ్చి మోసపోయానని అనుకుంటే, రెండోసారి అడిగేవాళ్ళు మొదటిదాని గురించే ముందు మాట్లాడాలి.

తర్వాతి శనివారం వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ 50 మైళ్ళూ పూర్తి కాలేదన్నాను. ఈసారి 350 బ్లాకుల (ఒక కూడలి నుంచి ఇంకో కూడలి దాకా ఉన్న వీధి ముక్క ఒక బ్లాకు) కొత్త కాలిబాటలు, నడకదారులు అంటున్నారు, అందులో 250 మొదటి నాలుగేళ్ళలోనే వెయ్యాలని పెట్టారు, పౌరులతో పర్యవేక్షణ కమిటీ ఉంటుంది, దాని సమావేశాలకి ఎవరైనా వెళ్ళొచ్చు అన్నాను. నగరంలో కాలిబాట లేని బ్లాకులు సుమారు 11,000 అని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే ఎనిమిదేళ్ళు ఆగక్కర్లేదు, నాలుగేళ్ళకే లెక్క అడగొచ్చు" అన్నారు. అడగొచ్చన్నాను. ఓటు సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు.

బ్యాలెట్లు అక్టోబరు మధ్యలో పోస్టులో వచ్చాయి. ఇంటి పన్ను రెండో విడత గడువు అక్టోబరు 31. ఆ రెండూ ఒకే నెలలో పడ్డాయి కాబట్టి, చివరి రెండు వారాలు ప్రతి గుమ్మంలోనూ పన్ను మాటే. బ్యాలెట్ కాగితం తెలుగులో ఉండదు. ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మకి ప్రతిపాదన మొత్తం తెలుగులో చదివి వినిపించాను, వంతెనల దగ్గర్నుంచి సైకిళ్ళ దాకా. "కాలిబాట అని కాగితం మీద ఉందా? చూపించు" అంది. కెమెరాకి దగ్గరగా పెట్టి ఆ పదం మీద వేలు పెట్టాను. అవును అన్న గడి నింపి, కవరు మీద సంతకం చేసి, మర్నాడు లేక్ సిటీ లైబ్రరీ దగ్గరి డ్రాప్ బాక్స్‌లో వేశాను. మావాడు సైకిల్ మీద నా వెనకే వచ్చాడు.

నవంబరు 5 రాత్రి ఎనిమిది దాటాక మొదటి లెక్క వచ్చింది. దేశమంతా వేరే ఫలితం కోసం చూస్తున్న రాత్రి అది, మా ప్రతిపాదన కోసం పేజీ కిందకి చాలాదూరం వెళ్ళాలి. చివరికి లెక్క పూర్తయ్యేసరికి దాదాపు మూడింట రెండు వంతుల మంది ఒప్పుకున్నారు. తమ పన్ను తామే పెంచుకోవడానికి అంతమంది ఒప్పుకున్నారంటే నాకు ఏడుపొచ్చింది. మొదటి లెక్క వచ్చిన ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేశాను, గుంటూరులో అప్పటికే తెల్లారింది.

తర్వాత నగరం కాలిబాటలు వేసే చోట్ల జాబితా బయటపెట్టింది. మా బ్లాకు అందులో లేదు. రెండు వీధుల అవతల, అప్పటికింకా కడుతున్న పైన్‌హర్స్ట్ రైలు స్టేషన్ వైపు వెళ్ళే దారిలో కొంత ఉంది. బాధపడ్డాను. కానీ అడిగింది మా బ్లాకు కోసమని ఎవరికీ చెప్పలేదు కదా.

ఆ జాబితా ప్రింట్ తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళాను. నన్ను చూసి గుర్తుపట్టారు. వరండాలో కూర్చుని వీధి వీధీ వేలితో చదివారు. తన వీధి కూడా లేదు. ఎర్ర పెన్ను తెచ్చి, పేజీ పైన ఆ రోజు తేదీ వేసి, పక్కన "2028" అని రాసి, 2015 కరపత్రం ఉన్న ఫైల్లోనే పెట్టుకున్నారు. కమిటీ సమావేశం ఎప్పుడని అడిగారు. చెప్పాను. మెట్ల దగ్గర రైలింగ్ పట్టుకుని నెమ్మదిగా లేచి, ఆ రోజు తనకి కారు నడపడం కుదరదు, నేను వెళ్తూ తనని తీసుకెళ్ళగలనా అన్నారు.