మేడ మీద నాలుగు బకెట్ల వరి: సార్వా లెక్క

జులై 18
ఊడ్పు అయింది. పాత పెయింటు బకెట్లు నాలుగు, ఒక్కోటి 20 లీటర్లది. కాలవగట్టు ఒండ్రుమట్టి, మాగిన పశువుల ఎరువు, పైన రెండంగుళాల నీళ్లు. రెండింట్లో మామూలు సాంబమసూరి, అంటే బీపీటీ 5204. మిగతా రెండింట్లో మెరుగైన సాంబమసూరి. ఆకు ఎండు తెగులుని తట్టుకునేలా హైదరాబాద్‌లో జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసిన రకం ఇది, 2008లో విడుదలైంది. గాలీ వానా అన్నిటికీ ఒకేలా తగలాలని రకం మార్చి రకం వరసగా పెట్టాను. పోయినేడు నారు పొడుగైందని కొసలు తుంచి నాటాను. బాక్టీరియా వల్ల వచ్చే ఆ తెగులు ఆ గాయాల్లోంచే దిగిందని నా నమ్మకం. ఈసారి తుంచలేదు.

సెప్టెంబరు 21
దుబ్బులు బాగా కట్టాయి. రెండో విడత యూరియా, బకెట్‌కి అర చెంచా. బాబాయ్ మేడెక్కి చూసి, "అమ్మాయ్, పైరు మరీ నల్లబడింది. ఇంక వెయ్యకు, తెగులొస్తుంది" అన్నారు. ఆయన మాట నిజమే, నత్రజని ఎక్కువైన పైరు మీదే ఇది ఎగబడుతుంది.

అక్టోబరు 9
వాయుగుండం వెళ్లి పది రోజులైంది. ఎండు తెగులు ముందు ఇంటి వెనక చేలల్లో కనబడింది, తర్వాత మేడ మీద మామూలు సాంబ బకెట్లు రెండింట్లోనూ. ఆకు కొస నుంచి అంచుల వెంట పసుపు చార, అలలు అలలుగా కిందికి. పొద్దున ఆరింటికి ఆ చార మీద పాలచుక్కల్లాంటి జిగురు ఉంది. ఎండెక్కేసరికి గట్టిపడి పసుపు పూసలైంది.

పొటాష్ లోపమేమో అన్న అనుమానం తీరాలని గ్లాసు పరీక్ష చేశాను. పచ్చా పసుపూ కలిసేచోట రెండంగుళాల ముక్క కొత్త బ్లేడుతో కోసి, కోసిన కొన మునిగేలా గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టాలి. వెనక నల్ల అట్ట పెట్టి, గ్లాసు కదపకుండా చూడాలి. మూడు నిమిషాలకి కొన నుంచి తెల్లటి దారం, అగరొత్తి పొగ తలకిందులైనట్టు, మెల్లగా అడుక్కి జారింది. అదంతా బాక్టీరియానే. మంచి ఆకు పెట్టిన గ్లాసు తేటగానే ఉంది. అయ్యాక నీళ్లు మరిగించి పారబోశాను, ముక్కలు కాల్చేశాను.

అక్టోబరు 12
మూడు రాత్రులుగా దీని గురించే చదువుతున్నాను. ఈ తెగులు తెచ్చే బాక్టీరియా, క్సాంథోమోనాస్ ఒరైజే, ఆకు అంచున నీళ్లూరే రంధ్రాల్లోంచి, గాయాల్లోంచి దూరి నీటి నాళాల్లో చేరుతుంది. ప్రొటీన్లని బయటికి పంపడానికి బాక్టీరియాకి రకరకాల యంత్రాలుంటాయి, వాటిని స్రావ వ్యవస్థలంటారు. రెండో రకం స్రావ వ్యవస్థతో కణం గోడను కరిగించే ఎంజైములు బయటికి వదులుతుంది. అసలు దెబ్బ మూడో రకానిది. బాక్టీరియా ఒంట్లోంచి సన్నటి బోలు గొట్టం మొలుస్తుంది. అందులోంచి ప్రొటీన్లు, మడతలు విప్పుకుని దారంలా సాగి, నేరుగా వరి కణంలోకి వెళతాయి. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లాకీ ఇలాంటి యంత్రమే ఉంది. కాకపోతే దానిది పొట్టి సూది. మొక్క కణానికి మందపాటి గోడ ఉంటుంది కాబట్టి దీనికి పొడవాటి గొట్టం కావాలి.

నన్ను కుదిపేసింది తర్వాతి సంగతి. లోపలికెళ్లిన వాటిలో టాల్ ప్రొటీన్లు వరి కేంద్రకం దాకా పోయి, డీఎన్ఏ మీద తమకి కావలసిన అక్షరాలు వెతుక్కుని కూర్చుంటాయి. అవి అక్షరాలు ఎలా గుర్తుపడతాయో 2009లో తేలింది. స్వీట్ అనే జన్యువును తట్టి లేపుతాయి. దాంతో కణం తన చక్కెర తనే బయటికి పోస్తుంది, బాక్టీరియా తింటుంది. ఆకుని విషం పెట్టి చంపుతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మొక్క చేతే వడ్డించుకుంటుందని తెలిశాక గ్లాసులో చూసిన ఆ తెల్లటి దారం మళ్లీ కళ్లముందు మెదిలింది.

మెరుగైన సాంబలో ఈ తెగులుని తట్టుకునే జన్యువులు మూడున్నాయి. ఎక్స్‌ఎ13లో స్వీట్ ముందున్న ఆ అక్షరాలు మారిపోయాయి, టాల్‌కి కూర్చునే చోటు లేదు. ఎక్స్‌ఎ5లో టాల్ ఆసరా చేసుకునే వరి ప్రొటీన్ ఒక్క చోట మారింది. ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్‌ఎ21 కాపలాదారు. బాక్టీరియా మొదటి రకం వ్యవస్థతో బయటికి వదిలే ఒక చిన్న ప్రొటీన్‌ని పట్టుకుని మొక్కని హెచ్చరిస్తుంది.

అక్టోబరు 30
స్కేలుతో కొలిచాను, బకెట్‌కి పది ఆకులు. మామూలు సాంబలో మచ్చ సగటున 14 సెంటీమీటర్లు, మెరుగైనదాంట్లో ఒకటిన్నర. అంటే తెగులు దానికీ తగిలింది, కొసల్లోనే ఆగిపోయింది. 9వ తారీకు నుంచి యూరియా లేదు, మామూలు సాంబ బకెట్లలో నీళ్లు తీసేసి మూడు రోజులు ఆరబెట్టాను. కోత అయ్యాక ఆ రెండు బకెట్ల గడ్డి, మోళ్లు కాల్చెయ్యాలి. దాళ్వాకి మెరుగైన రకం విత్తనం తనకీ రెండు కుంచాలు తెప్పించమని బాబాయ్ చెప్పారు.