మర్రిగూడ నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ దాకా

బెంగళూరులో టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో నాలుగేండ్ల బీఎస్ సైన్స్ డిగ్రీ సీటు వచ్చేట్టుందని తెలిసిన రోజు నుంచి మా ఇంట్లో సంబురం కన్నా పంచాయితీయే ఎక్కువైంది. "అంత పేరున్న చోటు, ఇంక ఆలోచనేంది?" అని మా బామ్మర్ది. "చదివినంక కొలువు దొరుకుతదా?" అని మా అన్న. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ సీటు ఎట్లాగూ వస్తుంది. పోయి కండ్లతో చూసొద్దామని నేనూ బిడ్డా బయల్దేరాం.

మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బస్సు. రాత్రికి కాచిగూడలో యశ్వంతపూర్ రైలు. గద్వాల ఇంకా రాలేదనగా చక్రాల చప్పుడు మారింది. "కృష్ణనా నాయినా?" అంటూ బిడ్డ కిటికీకి ముఖం ఆనించింది. చీకట్లో ఏమీ కనబడలేదు. ఆ కృష్ణ నీళ్ళు పైపుల్లో మా ఊరికి చేరేసరికే మా అమ్మ నడుము వంగిపోయింది. గ్రానైట్ రాయిలోంచి కరిగిన ఫ్లోరైడ్ మా బోరు నీళ్ళలో ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా అమ్మ ఆ నీళ్ళే తాగి బతికింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. ఎనిమిదో తరగతిలో అది చదివి బిడ్డ నన్ను అడిగింది: "మన జిల్లా పేరు పెట్టిన్రు గద, మరి అవ్వ నడుమెందుకు సక్కగ కాలే?" ఒకసారి ఎముకకు పట్టింది పోదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

యశ్వంతపూర్‌లో దిగితే ఇన్‌స్టిట్యూట్ పక్కనే. 1909 నాటిది. చెట్ల నడుమ టాటా విగ్రహం, వెనక బూడిద రంగు రాతి భవనం. బిడ్డ పోయి ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి చూసింది.

తెలిసినవాళ్ళ అబ్బాయి, అక్కడే మూడో ఏడు, ఏదీ దాచకుండా చెప్పాడు. "తొందరగ కొలువు కావాల్నంటే ఇంజినీరింగే నయం అంకుల్. ఇక్కడ మొదటి మూడు సెమిస్టర్లు ఇష్టమున్నా లేకున్నా లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ అన్నీ చదవాలె. చాలామంది పీహెచ్‌డీకే పోతరు. నేను మా కాలేజీల ఫస్ట్, ఇక్కడికొచ్చినంక వెనక బడ్డ. కొన్ని నెలలు ఇంటికి ఫోన్ గూడ సరిగ్గ చెయ్యలే."

ఆ చివరి మాట నా గుండెలో గుచ్చుకుంది. మా బిడ్డ బాధొస్తే మాట్లాడదు, ముడుచుకుంటుంది. పేరు చూసి పంపి, ఆరు వందల కిలోమీటర్ల దూరంలో దాన్ని ఒంటరిని చేస్తానా అని భయమేసింది. అదేమో ఒక్కటే అడిగింది: "నీళ్ళ మీద పనిచేసేటోళ్ళు ఉన్నరా అన్నా?" నీటి పరిశోధనకు ఒక కేంద్రమే ఉందని అతను చెప్పగానే దాని ముఖం నేను చూశాను. జీతం మాట నేనింక ఎత్తలేదు. వారానికి రెండుసార్లు ఫోన్ చెయ్యాలని మాత్రం మాట తీసుకున్నాను.

తిరుగు రైలెక్కే ముందు బిడ్డ ఇంటికి ఫోన్ కలిపింది. ఇక్కడే చదువుతానని చెబితే మా అమ్మ కాసేపు ఊకుంది.

"ఆడి నీళ్ళు మంచియేనా బిడ్డా?"