పోర్షే 911: ఈసారి అసలు మార్పు టర్బో షాఫ్ట్ మీద

జర్మన్ స్పోర్ట్స్ కారు పోర్షే 911 కొత్త మోడల్ వచ్చిందంటే పైకి చూసేవారికి పెద్దగా తేడా కనిపించదు. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ కార్ల ప్రదర్శనలో జనం మొదటిసారి చూసిన ఆ వెనక్కి వాలిన పైకప్పు, గుండ్రని హెడ్‌లైట్లు, వెనుక ఇరుసుకు ఇంకా వెనుకగా అమర్చిన ఆరు సిలిండర్ల ఇంజన్ ఇప్పటికీ అలాగే కొనసాగుతున్నాయి. లోపలి సంగతి మాత్రం వేరు. 2024 మే నెలలో, రోడ్డు మీద తిరిగే 911కు మొదటిసారిగా హైబ్రిడ్ ఏర్పాటును, అంటే పెట్రోలు ఇంజన్‌కు తోడుగా విద్యుత్ మోటార్లను జోడించి కరెరా జీటీఎస్ అనే రకాన్ని విడుదల చేశారు. ఆ ఏర్పాటునే మరింత పెంచి 2026 మోడల్ సంవత్సరానికి 911లోనే మరో రకమైన టర్బో ఎస్‌లో పెట్టారు.

హైబ్రిడ్ అన్న మాట వినగానే, హనుమకొండలో నేను పాఠం చెప్పే మెకానికల్ విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న "సార్, మైలేజ్ ఎంతిస్తది?" అనేదే. వారిని తప్పుపట్టలేము, ఎందుకంటే మన రోడ్ల మీద తిరిగే హైబ్రిడ్ కార్లు చాలావరకు ఆ లెక్క చెప్పే అమ్ముడవుతున్నాయి. ఈ కారు దారి అది కాదు. దీనికి ఛార్జింగ్ ప్లగ్గు లేదు, కేవలం బ్యాటరీ మీద నడిచే వీలూ లేదు. ఇందులోని విద్యుత్తు ముఖ్యంగా ఒక పాత జబ్బును కుదర్చడానికి ఉంది. ఆ జబ్బు పేరు టర్బో ల్యాగ్.

ఈ మధ్య వరంగల్ ఆటోనగర్‌లో ఒక డీజిల్ కారు టర్బోను విప్పి బల్ల మీద పెట్టి ఉండగా దగ్గరగా చూసే అవకాశం దొరికింది. ఒక చివర మసి పట్టిన టర్బైన్ చక్రం, మరో చివర మెరుస్తున్న అల్యూమినియం కంప్రెసర్ చక్రం, ఆ రెండింటినీ కలుపుతూ ఒక సన్నని షాఫ్ట్, దాని చుట్టూ నల్లగా పేరుకున్న ఆయిల్. మెకానిక్ ఆ షాఫ్ట్‌ను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిలించి, "ప్లే వచ్చింది సార్, ఇగ దీంతోని కాదు" అన్నాడు, అంటే షాఫ్ట్ వదులైందని. ఇంజన్ నుంచి బయటికి పోయే వేడి పొగ టర్బైన్‌ను తిప్పుతుంది, అదే షాఫ్ట్ మీదున్న కంప్రెసర్ బయటి గాలిని ఒత్తిడితో ఇంజన్‌లోకి నెడుతుంది. చిన్న టర్బోల్లో ఈ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అయితే పొగ తగినంత పుట్టేదాకా చక్రం వేగం అందుకోదు. చెరువు తూము ఎత్తిన తరువాత నీళ్లు చివరి మడికి చేరేదాకా రైతు ఆగవలసి వచ్చినట్లే, యాక్సిలరేటర్ తొక్కిన డ్రైవరు కూడా ఒక క్షణం ఆగవలసి వస్తుంది. టర్బో ల్యాగ్ అంటే ఆ ఆలస్యమే.

జీటీఎస్‌లో పోర్షే ఇంజనీర్లు ఆ రెండు చక్రాల మధ్య, ఆ షాఫ్ట్ మీదనే ఒక విద్యుత్ మోటారును కూర్చోబెట్టారు. కాలు యాక్సిలరేటర్ మీద పడగానే, పొగ కోసం చూడకుండా మోటారే కంప్రెసర్‌ను తిప్పేస్తుంది. అంతకన్నా తెలివైన పని మరొకటి ఉంది. పొగ అవసరానికి మించి వస్తున్నప్పుడు మామూలు టర్బోలో వేస్ట్‌గేట్ అనే తలుపు తెరిచి దానిని వృథాగా బయటికి వదులుతారు. ఇక్కడ ఆ తలుపే లేదు, మోటారు జనరేటరుగా మారి ఆ మిగులు శక్తి నుంచి 11 కిలోవాట్ల వరకు విద్యుత్తును తీస్తుంది. ఈ ఏర్పాటు వల్ల పాత జీటీఎస్‌లోని రెండు టర్బోల స్థానంలో ఒక్కటే సరిపోయింది. నా దృష్టిలో ఈ కారు మొత్తంలో నిజంగా కొత్త అని చెప్పదగిన వస్తువు ఇదే.

రెండో మోటారు ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఉండి, 40 కిలోవాట్ల శక్తిని, 150 న్యూటన్ మీటర్ల టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని అందిస్తుంది. రెండింటికీ విద్యుత్తునిచ్చే 400 వోల్టుల బ్యాటరీ సామర్థ్యం 1.9 కిలోవాట్ అవర్లు మాత్రమే. పరిమాణంలో అది మామూలు కారు బ్యాటరీని మించదు. ఏసీ కంప్రెసర్ కూడా విద్యుత్తుతోనే తిరగడం వల్ల ఇంజన్‌కు బెల్టు అవసరం తప్పింది. ఫలితంగా 3.6 లీటర్ల ఈ కొత్త ఇంజన్ ఎత్తు 110 మిల్లీమీటర్లు తగ్గగా, ఆ ఖాళీలో బ్యాటరీ విద్యుత్తును మోటారుకు తగినట్లు మార్చే ఇన్వర్టరును ఇమిడ్చారు. మొత్తం శక్తి 541 హార్స్‌పవర్, అంటే పాతదానికంటే 61 ఎక్కువ. పెరిగిన బరువు సుమారు 50 కిలోలే. నిలిచిన చోటి నుంచి 100 కిలోమీటర్ల వేగం 3 సెకన్లలో అందుతుంది. మన హైదరాబాద్ రహదారి లాంటి నాలుగు వరుసల దారుల మీద కేంద్రం కార్లకు విధించిన గరిష్ఠ పరిమితే 100 కాబట్టి, ఈ కారు గరిష్ఠ వేగమైన 312 గురించి ఇక్కడ మాట్లాడుకోవడం దండగ. కాలు తొక్కిన వెంటనే కదలడం అనే గుణానికే ఇక్కడ విలువ.

టర్బో ఎస్‌లో ఇలాంటి విద్యుత్ టర్బోలు రెండున్నాయి. శక్తి 711 హార్స్‌పవర్, 100 కిలోమీటర్ల వేగానికి 2.5 సెకన్లు. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్‌ను 7 నిమిషాల 3.92 సెకన్లలో చుట్టింది. పాత టర్బో ఎస్ కంటే ఇది దాదాపు 14 సెకన్లు తక్కువ. ఇక్కడ బరువు 85 కిలోలు పెరిగినా ట్రాక్ మీద సమయం ఇంతగా తగ్గిందంటే, ఆ బరువు ఊరికే ఎక్కలేదని ఒప్పుకోవాలి.

911లో మొదటి మెట్టు అయిన మామూలు కరెరాకు ఈ హైబ్రిడ్ భాగ్యం లేదు. దానిలో 3 లీటర్ల పాత ఇంజనే, 394 హార్స్‌పవర్‌కు పెరిగి కొనసాగుతోంది. వెనుక సీట్లు కావాలంటే అడిగి పెట్టించుకోవాలి, అదనపు సొమ్ము మాత్రం తీసుకోరు. వెనుక కూర్చోబెట్టవలసిన వారెవరైనా ఉంటే ఈ కారు కొనే ఆలోచన మానుకోవడమే మేలు.

నాకు నచ్చనివి డాష్‌బోర్డు మీద ఉన్నాయి. ఇన్నాళ్లూ నడుమన నిలిచిన ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ముల్లుతో చూపే టాకోమీటరును తీసేసి, 12.6 అంగుళాల వంపు తెరను పెట్టారు. పాత ఐదు గుండ్రని మీటర్ల బొమ్మను ఆ తెర మీద చూసుకునే వీలు ఇచ్చారు గాని, బొమ్మ బొమ్మే. స్టీరింగుకు ఎడమ పక్కన చేత్తో తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసే మీట పోయి, అదే చోట బటన్ వచ్చింది. జీటీఎస్‌లో మునుపు ఎంచుకోగలిగిన మాన్యువల్ గేర్‌బాక్స్ కూడా పోయింది, ఎందుకంటే రెండో మోటారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోనే ఇమిడి ఉంది. ఈ మూడింటిలో మొదటి రెండింటికి సాంకేతిక కారణమేదీ నాకు కనిపించదు. మూడోదానికి కారణం ఉంది కనుక దానిని మన్నించగలను. మాన్యువల్ కావాలనుకునే వారి కోసం ఆరు గేర్ల కరెరా టీని అమ్ముతున్నారు, అందులో ఆటోమేటిక్ అసలు దొరకదు. డబ్బు లెక్క పక్కన పెట్టి ఎంచుకోమంటే, ఇంజనీరుగా నేను జీటీఎస్ ఇంజన్ దగ్గర ఎక్కువసేపు నిలబడతానేమో గాని, తాళం మాత్రం కరెరా టీదే అడుగుతాను.