ప్రింట్ ఒక్కటే చాలట

"డిజైన్ వద్దు బాబూ, ప్రింట్ ఒక్కటే తీసివ్వు" అన్నాడు నా ముందున్న పెద్దాయన, ఫోన్ చాపి. పాలకొల్లులో ఫ్లెక్సీల షాపు. మనవరాలి ఓణీల ఫంక్షన్ బ్యానర్, ఏఐ చేసిచ్చిందట.

బొమ్మ బాగుంది. "శుభాకాంక్షలు"లో 'క్ష' మాత్రం విరిగిపోయింది. డిజైనర్ కుర్రాడు ఏమీ అనకుండా అక్షరాలన్నీ మళ్లీ టైప్ చేశాడు. ఆ పనికి బిల్లులో లైనే లేదు. చదరపు అడుగు లెక్కన ప్రింటుకే డబ్బులు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పుడు, ఇది హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ వాళ్ల టెన్షన్ అనుకున్నాం ఇక్కడ. ఈ కుర్రాడు పేజ్‌మేకర్, ఫోటోషాప్ నేర్చుకుని ఆ కుర్చీలోకి వచ్చినవాడు. పెద్దాయన తప్పేం లేదు, నాలుగు డబ్బులు మిగిలాయి. కానీ దిద్దిన పనికి కూలి ఇవ్వాలి కదా?

మా పాప అన్నప్రాశన బ్యానర్ అతన్నే చేయమన్నాను, డిజైన్ డబ్బులు విడిగా వేసుకోమని.