నల్ స్ట్రింగులకి టెస్టులు రాసిన నా అనుభవం

మా టీమ్‌లో కస్టమర్ వివరాల మోడల్ లైబ్రరీ ఒకటుంది, జావాలో, పేరు ఫోన్ అడ్రస్ క్లాసులు తప్ప అందులో పెద్దగా ఏంలేదు కానీ మిగతా సర్వీసులన్నీ దాన్నే వాడతాయి. ఫీల్డు విలువ తిరిగిచ్చే గెటర్లకి కూడా టెస్టులెందుకు అన్నారు కొందరు. ఈలోపు ఒక లెటర్ మీద కస్టమర్ పేరు మధ్యలో నల్ (అంటే విలువే లేదు) అని ప్రింటయి బయటికెళ్ళింది. జావాలో ప్లస్‌తో స్ట్రింగులు కలిపితే నల్ ఉన్నా ఎక్సెప్షన్ (ప్రోగ్రామ్‌ని ఆపే ఎర్రర్) రాదు, ఎన్-యు-ఎల్-ఎల్ అని నాలుగక్షరాలు రాసేస్తుంది, క్రాషయినా బాగుండేది, ఆరోజే దొరికేది.

దాంతో ఆ పని నాకే వచ్చింది. కోడ్ ముట్టుకోకముందు మా సీనియర్ అన్నతో కూర్చుని, జేసన్‌లో (డేటా పంపే టెక్స్ట్ ఫార్మాట్) ఫీల్డే లేకపోతే ఏంటి, ఉండి నల్ అయితే ఏంటి, ఖాళీ స్ట్రింగ్ అయితే, ఒట్టి స్పేసులైతే ఏంటి అని ఒక్కో ఫీల్డుకీ తేల్చుకున్నాం. అసలు కష్టమంతా ఇక్కడే, టెస్టులు రాయడం తర్వాత ఎంతసేపూ పట్టలేదు. మా డేటాబేస్ ఒరాకిల్, అది ఖాళీ స్ట్రింగ్‌ని ఎలాగూ నల్‌గానే దాస్తుంది, ఇక మనం రెండిటికీ తేడా కాపాడి లాభమేంటి? అందుకని ఆబ్జెక్ట్ తయారయ్యే కన్‌స్ట్రక్టర్‌లోనే ఖాళీవన్నీ నల్ చేసేశాం, ఫోన్‌కి మాత్రం ఎక్సెప్షన్ వచ్చేలా పెట్టాం.

జావా టెస్టులు రాసే జేయూనిట్‌లో 5.4 నుంచి నల్‌అండ్‌ఎంప్టీసోర్స్ అనే యానొటేషన్ ఉంది, ఒకే టెస్ట్‌ని వేర్వేరు విలువలతో నడిపే పారామీటరైజ్డ్ టెస్ట్ మీద పెడితే నల్, ఖాళీ రెండూ వస్తాయి. స్పేసులు, ట్యాబ్ రావు, వాటికి విలువలు మనమే రాసిచ్చే వాల్యూసోర్స్ కూడా తగిలించాలి. విలువల్ని కామాలతో విడదీసి ఇచ్చే సీఎస్‌వీసోర్స్‌తో జాగ్రత్త, కామా పక్కన ఏమీ రాయకపోతే వచ్చేది నల్, ఖాళీ స్ట్రింగ్ కావాలంటే సింగిల్ కోట్స్ రెండు పెట్టాలి. మా పాత టెస్టుల్లో ఎంప్టీ అని పేరు పెట్టినవి చాలావరకు నల్‌నే టెస్ట్ చేస్తున్నాయి, పచ్చగా పాసవుతున్నాయి కూడా!

రెండు విలువలు ఒకటేనా అని పోల్చే ఈక్వల్స్‌కి, నల్ ఉన్నా క్రాషవకుండా జావా ఆబ్జెక్ట్స్ క్లాసులోది వాడాం, సార్టింగ్‌కి నల్ ఉన్నవాటిని చివరికి పంపే నల్స్‌లాస్ట్.

ఇక డేటాబేస్‌లో ఆ నాలుగక్షరాల నల్ నిజం స్ట్రింగ్‌గానే చేరిపోయిన పాత రికార్డులు కొన్నున్నాయి. వాటిని లైబ్రరీలోనే తీసేద్దామన్నారు టీమ్‌లో కొందరు గానీ నేను ఒప్పుకోలేదు, అమెరికాలో నిజంగానే ఆ ఇంటిపేరున్నవాళ్ళున్నారు. వేరే స్క్రిప్ట్‌తో లిస్ట్ తీసి, ఒక్కోటి చూసుకుంటూ సరిచేస్తున్నాం.